కుట్లలో వదిలిన గుడ్డ

నల్లమల గుహలో ఉగ్రుడవై వెలసి, బిడ్డ పిలుపునకు స్తంభము చీల్చుకొని వచ్చిన అహోబిల నారసింహా! మాట తడబడకుండా ఈ కథను నడిపించు తండ్రీ.

కర్నూలు పాతబస్తీలోని నాట్యశాల వరండాలో మహాదేవమ్మ కుట్టుమిషను పొద్దుటినుండి ఆగలేదు. రాత్రికి అహోబిలంలో ప్రదర్శన. నాలుగింటికి వ్యాను బయలుదేరాలి. సూదిపోట్లకు వేలికొసలు గరుకెక్కిన మనిషి. ఎమ్మిగనూరునుండి కోడలుగా వచ్చి, వేరుసెనగ మిల్లులో గోనెసంచులు కుట్టి, పదకొండేండ్లుగా ఈ పిల్లల కూచిపూడి దుస్తులు కుడుతున్నది. ఎదిగే పిల్లలు కనుక ప్రతి కుట్టులోపలా రెండంగుళాల గుడ్డ మడిచి వదలడం ఆమె పద్ధతి. ఏటేటా విప్పి వదులు చేయడమే తప్ప బిగించడం ఎరుగదు.

హర్షిణి విషయంలో ఆ పద్ధతి తలకిందులైంది. పద్నాలుగేండ్ల ఆ పిల్ల రవికెను ఈ ఏడు మూడుమార్లు బిగించింది. సన్నబడితే కాళ్ళమీద భారం తగ్గి దెబ్బలు తగలవని గురువు సుప్రజ చెప్పగా నమ్మి కుట్టింది.

"ఇంగా వదులుగా ఉండాది పెద్దమ్మా," అంటూ హర్షిణి రవికె చేతబట్టుకొని నాలుగోమారు వచ్చి నిలిచింది.

మహాదేవమ్మ టేపు చుట్టింది. వేళ్ళకు కండ తగలలేదు, పక్కటెముకలు తగిలాయి.

"పొద్దున ఏం తింటివి పాపా?"

"జామకాయ."

"అది చిలక తిండే! నెలనెలా బయట చేరతాండావా?"

పిల్ల తల దించుకొన్నది. "చేరక నాలుగు నెల్లాయ. మేడంకు చెప్పొద్దు."

పైజామా అంచు సరిచూడబోయి మహాదేవమ్మ ఎడమపాదం పట్టుకొన్నది. వాచి, వెచ్చగా ఉంది. పాదంమీద లోపలివైపు ఒకచోట తన చేతి బొటనవేలు ఆనగానే హర్షిణి పెదవి కొరుక్కొన్నది. ఇదే శాలలో ఆడే, లావని అందరూ రుబ్బురోలని వెక్కిరించే శివకుమారి ఏడేండ్లలో ఒక్కనాడూ కుంటలేదు. ఈ పిల్లకో, దెబ్బ ఆపడానికి కండ లేదు, ఓర్చుకోవడానికి ఎముకలో సత్తువ లేదు.

సుప్రజ గడపదాటి వచ్చింది. "ఏం మహాదేవమ్మా, ఇంకా కాలేదా?"

"మేడం, ఈ పాప ఎముక నెర్రె ఇచ్చినట్టుండాది. ఈ పొద్దు ఎగిరితే ఇరుగుతాది."

"నువ్వెప్పుడు డాక్టరయితివి? కుట్టేదానివి కుట్టు. ముందువరుసలో ఆ పాపే ఉండాల."

మహాదేవమ్మ మిషను వైపు చూసింది. ఈ వరండా పోతే మళ్ళీ గోనెసంచులే. అయినా బ్లేడు తీసుకొన్నది. రవికె పక్కకుట్లు, చేతికుట్లు, బిగించిన వరుసలన్నీ సరసర కోసేసింది. ఎండ తగలని మడతలు చిక్కని ఎరుపుతో తెరుచుకొన్నాయి.

"ఈ గుడ్డంతా ఈ పాప కోసరమే వదిలినా మేడం. ఇది నిండేదాకా నేను కుట్టను. తప్పు నాదీ ఉండాది. మూడుతూర్లు కుడితి."

సుప్రజ ముఖం నల్లబడింది. "రేపట్నించి రావద్దు," అని, శివకుమారిని పిలిచి ముందువరుస అడుగులు చెబుతూ వ్యానెక్కింది.

"నా ఆట చెడగొడితివి కదా పెద్దమ్మా!" హర్షిణి వెక్కివెక్కి ఏడ్చింది.

"తిట్టు పాపా, నోరారా తిట్టు. కాలు మాత్రం కింద పెట్టొద్దు."

ఆమె పిల్లను రెండుచేతులా ఎత్తుకొన్నది. దూదిబస్తా అంత బరువైనా లేదు. ఎముకల ఆసుపత్రికని ఆటో ఎక్కింది; వెనక్కి చూడలేదు.

వాచిన పాదం పట్టక, ఎడమకాలి చెప్పు మెట్టుమీదనే ఉండిపోయింది. దాని అడుగున, నొప్పి తప్పించి మోపిన వెలుపలి అంచు ఒక్కటే కాగితమంత పలుచగా అరిగి ఉంది. తక్కిన అట్ట ఇంకా కొత్తదే.

ఈ కథ విన్నవారి ఇండ్ల ఆడబిడ్డలు కడుపునిండా తిని, నొప్పి ఎరుగక నిండునూరేండ్లు నడతురు గాక!