ఒసాకాకి ఎన్ని గంటలు తేడా

ఆగండాగండి, ఇది వినేసి వెళ్లండి. మా అగాదీర్ రేవు దగ్గర ఆక్టోపస్ ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసు ఉంది. అందులో గిజ్లాన్ అనే అమ్మాయి, జుహైర్ అనే అబ్బాయి ఆర్నెల్ల కిందట ఒకే రోజు ట్రయల్ మీద చేరారు. ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానని యజమానురాలు లల్లా తూరియా, అంటే తూరియా అమ్మగారు, మొదటి రోజే చెప్పేసింది. రంజాన్ మొదలయ్యేలోపు తేల్చేస్తానంది. ఇక అంతే, అప్పటినుంచి గిజ్లాన్‌కి జుహైర్ దగ్గినా అనుమానమే, దగ్గకపోయినా అనుమానమే. తన బల్ల సొరుగు కొంచెం తెరుచుకుని ఉన్నా వాడి పనే అనుకునేది.

ఒసాకా కొనుగోలుదారులతో వీడియో మీటింగులు కుదర్చడం గిజ్లాన్ పని. వాళ్లు మనకంటే ఎనిమిది గంటలు ముందుంటారు. మన పొద్దున తొమ్మిదంటే వాళ్లకి సాయంత్రం అయిదు. మరిచిపోకుండా ఒక కాగితం మీద పెన్నుతో పెద్దగా 8 అని రాసి, కంప్యూటర్ పక్కన గోడకి అంటించుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం కుస్‌కుస్ తిని వచ్చేసరికి ఆ ఎనిమిది మీద పెన్సిల్ గీత ఉంది. పక్కన తొమ్మిది.

“ఇది నువ్వేనా రాసింది?”

“నేనే. సోమవారం మీటింగుకి అదే లెక్క.” జుహైర్ తలెత్తలేదు, టీ గ్లాసులో పుదీనా కొమ్మ తిప్పుకుంటున్నాడు.

“సోమవారానికి జపాన్ ఇంకాస్త దూరం జరుగుతోందా?”

“జరుగుతుంది, లల్లా గిజ్లాన్. ఆదివారం నిద్ర లేచాక నీకే తెలుస్తుంది.”

“వెటకారాలు నా దగ్గర వద్దు. నా కాగితం ముట్టుకోకు.”

“సరే తల్లీ. నీ కాగితం, నీ జపాన్,” అని నవ్వాడు జుహైర్.

ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్లు మండింది. ఫోన్‌లో చూసింది. ఇక్కడ రెండున్నర, ఒసాకాలో రాత్రి పదిన్నర. వేళ్ల మీద లెక్కపెట్టింది, ఖచ్చితంగా ఎనిమిది. నన్ను ముంచడానికే ఇదంతా అని ఖాయం చేసుకుని పెన్సిల్ రాతంతా రబ్బరుతో చెరిపేసింది. సోమవారం మీటింగు మీ సాయంత్రం అయిదింటికి అని ఒసాకాకి మెయిల్ పంపేసి, తిన్నగా యజమానురాలి గదిలోకి వెళ్లింది.

“చాడీలనుకోకండి లల్లా. జుహైర్ నా కాగితం మీద టైము మార్చేశాడు. నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది.”

“పని చెడగొట్టేవాడు నాకెందుకు? సోమవారం మీటింగు అవ్వనీ, తర్వాత చూస్తాను వాడి సంగతి,” అంది లల్లా తూరియా.

మా దేశంలో రంజాన్ నెలకి టైము మారుస్తారు కదా, ఏటా లాగే ఆ ఆదివారం తెల్లవారుజామున దేశమంతా గడియారాలు గంట వెనక్కి జరిగాయి. గిజ్లాన్ కూడా స్టూలెక్కి వంటింటి గడియారం తిప్పింది, గంట ఎక్కువ నిద్రపోయానని సంబరపడింది. ఒసాకాలో ఎవరూ ఏ గడియారమూ తిప్పరన్న ఊహే ఆమెకి తట్టలేదు.

సోమవారం తొమ్మిదింటికి మీటింగని ఎనిమిదిన్నరకే ఆఫీసుకి వచ్చేసింది. కంప్యూటర్ తెరవగానే ఒసాకా నుంచి మెయిల్ కనబడింది. ఇరవై నిమిషాలు ఎదురుచూశాం, మీరు రాలేదు, ఈ ఏడాది సరుకు ఇంకొకరి దగ్గర తీసుకుంటాం అని.

మొదట అనుకున్నది ఏంటంటే, నా మెయిల్ జుహైర్ మార్చేశాడని. గబగబా తెరిచి చూసింది. తను కొట్టింది కొట్టినట్టే ఉంది. ఫోన్ చూసింది. ఇక్కడ ఎనిమిదిన్నర, అక్కడ సాయంత్రం అయిదున్నర. వేళ్లు మడిచింది. తొమ్మిది. మళ్లీ మడిచింది. తొమ్మిదే. అంటే వాళ్ల అయిదు ఇక్కడ ఎనిమిదికే అయిపోయింది.

తలుపు తోసుకుని లల్లా తూరియా వచ్చింది, ఆ మెయిల్ ఆమెకీ వచ్చింది మరి. వెనకాలే జుహైర్.

“ఏమయ్యా, శుక్రవారం ఈ అమ్మాయి కాగితం మీద టైము మార్చింది నువ్వేనా?”

“నేనే లల్లా, తొమ్మిదని రాశాను. కానీ…”

“కానీ లేదు, గీనీ లేదు. ఏడాది సరుకు పోయింది నాకు.” ఆమె గిజ్లాన్ వైపు తిరిగింది. “నువ్వు చెప్పమ్మా. చూసుకున్నానన్నావు, అయినా వీడు మార్చడం వల్లేనా ఇదంతా? అవునంటే ఈ పూటే పంపించేస్తాను, ఆ కుర్చీ నీది.”

జుహైర్ గోడ మీద కాగితం చూశాడు. ఎనిమిది ఒక్కటే ఉంది. తర్వాత గిజ్లాన్ వైపు చూశాడు, ఈసారి నవ్వు లేదు. వాడు మార్చిన మాట నిజమే. చెరిపింది తనేనని లల్లా తూరియాకి తెలియదు.

గిజ్లాన్ నోరు తెరిచింది. ఆ చోట మీరుంటే ఏం చెప్తారు?