చూసింది మా ఆవిడే

"వదినా, అన్న లేడా?"

షెడ్డుకి వచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది ఆ మాటే. ఆమె అప్పటికి ఏదో ఒక బండి పక్కన పీట వేసుకుని కూర్చునే ఉంటుంది. చేతిలో కిరోసిన్‌లో ముంచిన బ్రష్షు, ఒళ్ళో మసిగుడ్డ, మోచేతుల దాకా నల్లటి జిడ్డు. అయినా చూపు ఆమె తల మీదుగా సామాన్ల గదిలోకి పోతుంది. "వస్తారు, కూర్చోండి" అంటుందామె. వాళ్ళు కూర్చుంటారు. ఆమె తమ బండి చైను కడుగుతూంటే చూస్తూ, ఆ చైనుకి ఏమైందో చెప్పడానికి అన్న కోసం ఎదురుచూస్తారు.

షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంది. వంటింటి గడప దాటి పదకొండు అడుగులు వేస్తే చాలు. ఆ దూరం మరీ తక్కువ కాబట్టి దాన్ని పనికి వెళ్ళడమని ఎవరూ అనుకోలేదు. పొద్దున్నే లేచి వంట చేసి, పిల్లలిద్దర్నీ బడికి పంపి, అత్తగారికి మందులిచ్చి, ఆ పదకొండు అడుగులూ వేసి పీట మీద కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నం వడ్డించడానికే లేవడం. బడిలో పిల్లల కాగితం నింపేటప్పుడు తల్లి ఏం చేస్తుంది అన్న చోట ఆమె కలం ఆగిపోయింది. "ఏముంది, ఖాళీగా ఇంట్లోనే ఉంటుందని రాయి" అన్నాడు భర్త టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆమె అలాగే రాసింది. రాస్తూంటే గోళ్ళలోని గ్రీజు కాగితానికి అంటుకుంది. "కాగితం పాడు చేశావు" అన్నాడు.

చైను సంగతులు ఆమెకి నేర్పింది మామగారు. నేర్పాలని నేర్పలేదు. షెడ్డు పెట్టింది ఆయన. ఆమె పెళ్ళైన రెండో ఏడు ఆయన చూపు మందగించింది. ఆ మాట కొడుక్కి చెప్పడానికి అభిమానం అడ్డొచ్చి, అన్నం తెచ్చిన కోడల్ని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. "అమ్మాయ్, ఆ చైను చక్రం పళ్ళు చూడు. నిటారుగా ఉన్నాయా, కొడవలి మొనలా వంగాయా?" వంగాయి మామయ్యా అనేది. "చైనుని వెనక చక్రం దగ్గర పట్టుకుని నీ వైపు లాగు. పన్ను ఎంత కనబడుతోంది?" సగం కనబడుతోంది మామయ్యా. "అయితే అయిపోయింది" అని ఆయన గట్టిగా, అందరికీ వినబడేలా ప్రకటించేవాడు. వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. కళ్ళు కనబడకపోయినా పెద్దాయన ఎలా పట్టేశాడో చూశావా, అదీ అనుభవం అంటే, అని చెప్పుకునేవాళ్ళు. ఆయన మీసంలో నవ్వుకునేవాడు. ఆ కళ్ళు కోడలివని ఆయన పోయేదాకా ఒక్కరికీ చెప్పలేదు. అయినా ఆమెకి ఆయన మీద కోపం లేదు. ఆ ఇంట్లో ఆమెను "ఏం కనబడుతోంది?" అని అడిగిన మనిషి ఆయనొక్కడే. ఆయన పోయాక ఆ ప్రశ్న కూడా పోయింది.

తర్వాత భర్త షెడ్డు చూసుకున్నాడు. ఇంజను పనిలో చేయి తిరిగినవాడే. చైను మాత్రం ఆయనకి చిన్న పని. బిగించి పంపేయడమే. కడగడం, చూడడం ఆమె వంతు. కడుగుతూ ఏదైనా కనబడితే ఆయన దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి చెప్పేది. ఒక్కోసారి ఆయన వినేవాడు. అప్పుడు దాన్ని తన మాటగా వెళ్ళి బండివాడికి చెప్పేవాడు. వినకపోతే ఆమె మళ్ళీ పీట మీదికి వచ్చేసేది.

పశువుల డాక్టరమ్మ వచ్చింది ఒక సోమవారం పొద్దున. ముప్పై ఏళ్ళ మనిషి. స్కూటరుకి లొంగని దారుల్లో తిరగాలని మోటార్‌సైకిలే కొనుక్కుంది. వెనక సీటుకి మందుల పెట్టె కట్టి ఉంటుంది. "గేరు మారినప్పుడల్లా టకటకమంటోంది. తొందరగా చూడండి, పది గేదెలకి సూదులెయ్యాలి" అంది.

ఆమె బండిని స్టాండు వేసి చక్రం తిప్పింది. చైను కింది వరస మధ్యలో వేలు పెట్టి ఎత్తింది. అరచేతి వెడల్పున ఊగింది. ఇంకాస్త తిప్పి మళ్ళీ ఎత్తింది. ఈసారి అంగుళం కూడా కదల్లేదు. మళ్ళీ తిప్పితే వదులు, మళ్ళీ తిప్పితే బిగువు. చైను అంతా ఒక్కలా సాగితే బిగించుకోవచ్చు. ఒకచోట సాగి ఒకచోట సాగకపోతే దానికి బిగింపు మందు కాదు. వదులుగా ఉన్న చోట సరిపెడితే బిగువు చోటుకి వచ్చేసరికి తీగలా లాక్కుంటుంది. వెనక పళ్ళ మీంచి చైను లాగి చూసింది. సగం పన్ను బయటికొచ్చింది. చైను బిగించడానికి చక్రాన్ని వెనక్కి జరిపే గీతలు కూడా చివరికి వచ్చేశాయి.

లేచి భర్త దగ్గరికెళ్ళింది. ఆయన ముగ్గురు మనుషులతో టీ తాగుతున్నాడు.

"ఏమండీ, డాక్టరమ్మగారి బండి చైను మార్చాలి. బిగిస్తే ఆగదు."

"ఆ బండి చైను సెట్టు మన దగ్గర లేదు. తెప్పించాలంటే రెండు రోజులు."

"రెండు రోజులు ఆగమందాం. ఒకచోట బిగువు, ఒకచోట వదులు..."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. పక్కన మనుషులు లేకపోతే ఏమనేవాడో గాని, ఉన్నారు కాబట్టి నవ్వాడు. "పులుసులో ఉప్పు చూసినట్టు వేలుపెట్టి చెప్పేస్తుంది మా ఆవిడ. పో, వెళ్ళి చక్రం పట్టుకో." ముగ్గురూ నవ్వారు. అందులో ఒకడు, పాపం, ఆమె మొహం చూసి నవ్వు మధ్యలో ఆపేశాడు.

చక్రం పట్టుకుంది. ఆయన చైను ఎక్కడ వదులుగా ఉందో అక్కడే చూసి బిగించాడు. రెండు నిమిషాల పని. "అయిపోయిందండీ, గుర్రంలా పరిగెడుతుంది" అన్నాడు.

డాక్టరమ్మ వెళ్ళబోతూ సీసా పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చింది. ఆమె అక్కడే చేతులు కడుక్కుంటోంది. సీసా తీసుకుని నీళ్ళు నింపింది. కుళాయిలో ధార సన్నం, సీసా నిండడానికి చాలాసేపు పట్టింది. ఒక్క మాట అనడానికి కావలసినంత వ్యవధి.

"అంతా బాగానే ఉందిగా?" అంది డాక్టరమ్మ, ఊరికే మాట కలపడానికి.

మాట గొంతు దాకా వచ్చింది. ఆ వెనకే నవ్వులు కూడా వచ్చాయి. "ఆయన చూశారుగా" అని, మూత బిగించి సీసా చేతికిచ్చింది.

తర్వాత మూడు రోజులూ రోడ్డు మీద మోటార్‌సైకిల్ చప్పుడైతే తలెత్తేది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? అత్తగారు మందుల మత్తులో, పిల్లలు పుస్తకాల్లో. షెడ్డులో రోజుకి ఇరవైమంది వదినా అని పిలుస్తారు. వాళ్ళలో ఒక్కడికీ ఆమె గొంతు రెండు వాక్యాలకు మించి తెలియదు.

నాలుగో రోజు పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చాడు. కూర్చోలేదు. వాలు దిగుతూంటే చైను తెగి చక్రానికి చుట్టుకుందిట. చక్రం పట్టేసి డాక్టరమ్మ గట్టు మీద పడిందిట. కుడి చెయ్యి, మెడ దగ్గర ఎముక విరిగాయి. ఆపరేషన్ అయింది. "నాలుగు రోజుల కింద నువ్వే కదయ్యా బాగుచేసింది?" అన్నాడు.

ఆమె అప్పుడే టీ పళ్ళెంతో గడప దాటింది.

భర్త ఆమెను చూశాడు. చూసి, కాంపౌండరు వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "అయ్యో. ఆ బండి చూసింది మా ఆవిడేనండీ. నేను ఊరికే చెయ్యి సాయం పట్టాను. ఆడవాళ్ళు కదా, ఎంతని తెలుస్తుంది? పొరపాటు జరిగిపోయింది."

పద్నాలుగేళ్ళలో ఆమె బండ్లు చూస్తుందని ఆయన ఒక మనిషితో చెప్పడం అదే మొదటిసారి.

కాంపౌండరు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. టీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆమె పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మాటవరసకి అన్నాన్లే" అన్నాడు భర్త భోజనాల దగ్గర. "నిన్నెవరేమంటారు? నా పేరు పోతే షెడ్డు పోతుంది. నీకు పోవడానికి పేరేముంది?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు, ఓదార్పుగా అన్నాడు. అందుకే మరీ లోతుగా దిగింది.

అత్తగారు మంచం మీంచి, "మగాడి తప్పు నెత్తినేసుకుంటే ఇల్లు నిలబడుతుందే. నేను వేసుకోలేదూ?" అంది. ఏ తప్పు వేసుకున్నారత్తయ్యా అని అడగబోయింది. ముసలావిడ అప్పటికే గోడవైపు తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు తోమకుండానే చీర మార్చుకుని బయల్దేరింది. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. ఆమె ఎక్కడికైనా వెళ్తుందన్న ఊహే ఎవరికీ లేదు.

పెద్దాసుపత్రి గదిలో డాక్టరమ్మ ఒక్కతే ఉంది. చేతికి పెద్ద కట్టు, చెంప మీద గీరలు. ఆమెను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"మీరే చూశారట నా బండి" అంది.

"అవునండీ, నేనే చూశాను. మార్చాలని చెప్పాను. వినకుండా బిగించారు."

"ఎవరికి చెప్పారు?"

"ఆయనకి."

"నాకెందుకు చెప్పలేదు?"

వస్తూ దారి పొడుగునా ఆమె కూడబెట్టుకున్న మాటలు నాలుగున్నాయి. భర్త అన్నవి, వాళ్ళు నవ్వినవి. ఇక్కడ, ఈ మందుల వాసనలో, అవి చాలా చిన్నవిగా కనబడ్డాయి. "కుళాయి దగ్గర చెబుదామనుకున్నానండీ. నా మాట ఎవరు వింటార్లే అని..."



"నేను పశువుల కొట్టంలోకి వెళ్తే నన్నూ అడుగుతారమ్మా, డాక్టరు రాలేదా అని" అంది డాక్టరమ్మ. "నువ్వు చెప్పుంటే నేను వినేదాన్ని. వినేదాన్ని."

తర్వాత కళ్ళు మూసుకుంది. క్షమించానని అంటుందేమోనని ఆమె కాసేపు మంచం పక్కన నిలబడింది. అనలేదు. అనాలని కూడా ఏముంది.

ఇంటికి నడిచి వచ్చింది. బస్సు ఎక్కొచ్చని కూడా తోచలేదు. ఇన్నాళ్ళూ తన నోరు మూసింది ఆయనే అనుకుంది. నిజమే. కాని ఆ కుళాయి దగ్గర ఆయన లేడు. సీసా తన చేతిలోనే ఉంది. ఆ నిజంతో ఒంటరిగా నడవడం చాలా బరువుగా ఉంది. ఎవరితోనూ పంచుకోలేనిది అది.

షెడ్డుకి చేరేసరికి పార్సిళ్ళు పంచే మనిషి బండి స్టాండు మీద ఉంది. భర్త రెంచి పట్టుకుని వెనక చక్రం దగ్గర వంగి ఉన్నాడు. ఆమె సంచీ గోడకి తగిలించి, కొంగు దోపుకుని, ఆయన పక్కనే కూర్చుంది. చక్రం తిప్పింది. వదులు, బిగువు, వదులు. చైను లాగి పళ్ళు చూసింది.

"ఇది బిగించకూడదండీ" అంది. భర్తతో కాదు, పార్సిల్ మనిషితో. "సాగిపోయింది. బిగిస్తే దారిలో తెగుతుంది. చైనూ, ముందూ వెనకా పళ్ళ చక్రాలూ మూడూ కలిపి మార్చాలి."

"లోపలికి పో" అన్నాడు భర్త, పళ్ళ బిగువున.

ఆమె లేవలేదు. పార్సిల్ మనిషి ఆయన కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు. "తెగుతుందా?" అని అడిగాడు. ఆమెనే అడిగాడు.

"రండి, చూపిస్తాను. ఇక్కడ వేలు పెట్టండి. ఎంత ఊగుతోందో చూశారా? ఇప్పుడు ఇక్కడ పెట్టండి."

అతను వేలు పెట్టి చూసి తలూపాడు. "మార్చెయ్యండి."

భర్త రెంచి నేల మీద పడేసి సామాన్ల గదిలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కూడా లోపలికి వెళ్ళింది. ఆయన తల వెనక అరలో ఉంది ఈ బండికి సరిపోయే చైను సెట్టు డబ్బా. ఆయన జరగలేదు. ఆమె మునివేళ్ళ మీద లేచి, ఆయన మీదుగా చెయ్యి చాపి దాన్ని తీసుకుంది. ఆయన ఊపిరి వినబడుతోంది. ఈ రాత్రి, రేపు, బహుశా నెలంతా ఈ ఇంట్లో తనతో ఎవరూ మాట్లాడరని ఆమెకి తెలుసు.

ముందువైపు పళ్ళ చక్రం బోల్టులు విప్పాలంటే చక్రం తిరక్కుండా ఒకరు వెనక బ్రేకు నొక్కి పట్టాలి. ఇన్నేళ్ళూ ఆ కాలు ఆమెదే.

"మీరు ఇటొచ్చి బ్రేకు తొక్కండి" అంది పార్సిల్ మనిషితో.

అతను వచ్చి తొక్కాడు. "చాలా?"

"ఇంకాస్త గట్టిగా. నేను చెప్పేదాకా వదలకండి" అని ఆమె రెంచి అందుకుంది.