గోడ దాటని గడ్డ

మా అత్తయ్య నీలమ్మ పుస్తెలు తీయనంటే తీయనంది. ఎమ్మారై గది ముందు ఆస్పత్రి గౌను వేసుకుని, రెండు చేతులతో మెడలో తాడు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఒంటి మీద లోహం ఉండకూడదని ఇంటి దగ్గరే చెప్పాను కదండీ," అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా హైదరాబాదు రాయదుర్గంలో మా ఆఫీసువాళ్లు నేను లేకుండానే మీటింగు మొదలుపెట్టేశారు.

"గాజులు తీసిన, కమ్మలు తీసిన, మెట్టెలు తీసిన. ఇగ ఇది తియ్య. మీ మామ బతికుండంగ మెడ బోసిగ పెట్టుకొని గా సొరంగంల పండాల్నా?"

కోపమని పేరేగానీ నాది భయమే. అత్తయ్యకు మలద్వారం పైన పేగులో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది. అదెంత మొండిదో చెప్పాల్సింది ఈ ఫొటోలే. పేగు గోడ లోపలే ఉంటే నేరుగా ఆపరేషన్. గోడ దాటి రక్తనాళాల్లోకి పాకితే ముందు కీమో, రేడియేషన్. కింది కండరాన్ని పట్టుకుని ఉంటే మలం కోసం జీవితాంతం పొట్టకు సంచి. ఆ సంచి మాట విన్నప్పటి నుంచి అత్తయ్యకు అన్నం సయించడం లేదు. సంచి ఉన్న ఒంటితో అమ్మవారికి బోనం ఎత్తకూడదని ఆమె నమ్మకం. నార్సింగిలో మా ఇంటి బోనం ఏటా ఆమె తల మీదే వెళ్తుంది. మా ఆయన ఓంకార్, నేనూ ఎంత చెప్పినా ఆ నమ్మకం కదల్లేదు.

మామయ్య ఎల్లేశం గారు లేచి వచ్చారు. ఆయన మాట్లాడటమే తక్కువ.

"గట్లయితే నా మెడల వెయ్యి. నా మెడల ఉంటే నీ మెడల ఉన్నట్టే. పో, పండు," అని తల వంచారు.

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. తాడు తీసి ఆయన మెడలో వేసింది. మిషను నడిపే ఆమని గారు ముఖం అటు తిప్పుకుని నవ్వాపుకున్నారు. నావల్ల కాలేదు.

వరండాలో మెడలో ఐడీ కార్డులతో ఇద్దరు కుర్రాళ్లు మామయ్యను అదే పనిగా చూశారు. "ఏంది చూస్తున్నరు? నా పెండ్లాం లోపలున్నది," అన్నారాయన, చొక్కా మీదికి పుస్తెలు సర్దుకుంటూ.

చాలాసేపటికి అత్తయ్య బయటికొచ్చింది. "లోపల ఒకటే డప్పులు. అడుగులెయ్యకుంట ఎట్లుంటరు?"

"కదిలారా?" అని అడిగాను. కదిలితే ఫొటోలు చెదిరిపోతాయి.

"లేదు బిడ్డా. మనసుల్నే ఆడిన."

మర్నాడు డాక్టర్ సంయుక్త గారు తెర మీద ఆ ఫొటోలు చూపించారు. "ఇది పేగు గోడమ్మా. గడ్డ దీని లోపలే ఉంది. రక్తనాళాల్లోకి పాకినట్టు లేదు. కింది కండరానికి బాగా దూరంగా ఉంది. నేరుగా ఆపరేషన్ చేసేద్దాం. లోపల కుట్లు మానేదాకా కొన్నాళ్లు సంచి పెట్టాల్సి రావచ్చు. తర్వాత తీసేస్తాం."

నేను అక్కడే ఏడ్చేశాను. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను. మామయ్య గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. అత్తయ్య ఒక్కతే నిబ్బరంగా ఉంది.

"మల్ల బోనం ఎత్తచ్చునా డాక్టరమ్మా?"

"వచ్చే ఏడు ఎత్తుదురుగాని. ఈ ఏడు మాత్రం బరువులు వద్దు."

ఇక అలుగుతుందనుకున్నాను. అత్తయ్య నావైపు తిరిగింది.

"అయితే ఈ ఏడు నువ్వెత్తు."

నేను కాకినాడ పిల్లను. ఆ ఇంట్లో బోనాలనాడు నా పని ఫొటోలు తీయడమే. వేపాకు కట్టిన ఆ కుండను నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. పై ఊరి పిల్లకు ఏం తెలుసని ఆమె అనడం చాలాసార్లు విన్నాను, లోలోపల ఉడుక్కున్నాను.

"నాకు అలవాటు లేదు అత్తయ్యా. పడేస్తానేమో."

"నేను పక్కపొంటి నడుస్త కద," అంది. "పడనిస్తనా?"