మూడో మెట్టు దాకా నీళ్ళు

బట్టలు ఆరేసి లోపలికి రాగానే, వంటింటి గోడకున్న క్యాలెండరులో ఆనాటి గడిలో ఒక ముక్క రాయడం నాకు అలవాటు. పెన్సిలు దారంతో మేకుకే కట్టి ఉంటుంది. పందొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. మా ఆయన అచ్చాఫీసులో పనిచేస్తారు కాబట్టి పెద్ద పెద్ద గడుల క్యాలెండరు ఏటా ఒకటి ఊరికే వస్తుంది. "ఇంటికొచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? కోడి గీకినట్టు ఆ రాతలేమిటి?" అని ఏడాదికి ఒకసారైనా అంటారు.

రాయడానికి కారణం దుప్పట్లు. మా అత్తయ్యకు వారానికోసారి ఉతికిన దుప్పటి పడాలి. మా పెరటి తలుపు తీస్తే కిందికి ఐదు రాతిమెట్లు, మెట్లు దిగితే బయలు. ఊరి చుట్టూ ఇళ్ళు కట్టకూడదని ప్రభుత్వం ఎప్పుడో పచ్చగా వదిలేసిన నేల అది. వానలు పడితే అక్కడ నీళ్ళు నిలిచి, మెల్లగా మెట్లెక్కుతాయి. మూడో మెట్టు మునిగిందంటే గాలంతా చెమ్మే, రెండు రోజులదాకా దుప్పటి ఆరదు. అందుకని ఏ రోజు ఏ మెట్టుదాకా వచ్చాయో రాసుకుంటూ వచ్చాను. గడిలో చోటు మిగిలితే మనసులో మాట కూడా ఒకటి పడేసేదాన్ని. ఎవరు చదువుతారు గనక.

రాశాక ఒక అరగంట ఆ బయల్లో నడుస్తాను. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా నా చెవి పొయ్యి మీది పాల దగ్గరే ఉంటుంది. బయల్లో అలా కాదు. చెప్పులు చేత పట్టుకుని గడ్డిలో నడుస్తుంటే నన్నెవరూ పిలవరు. ప్రార్థన అంటే ఇదేనేమో, మరి ఇంట్లో నేను చేస్తున్నదేమిటి అని ఒక్కోసారి సందేహం వచ్చేది. ఆ సందేహం దేవుడికే చెప్పుకున్నాను. ఆయనకు కోపం వచ్చినట్టు అనిపించలేదు.

ఈ ఏడాది ఆ బయల్లో రెండు వందల ఇళ్ళు కడతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. నిబంధన సడలించమని అడుగుతూ వాళ్ళిచ్చిన నివేదికను ఊరి ఆఫీసు బోర్డు మీద అంటించారు. కూరగాయలకు వెళ్తూ చదివాను. "పదిహేనేళ్ళుగా ఇక్కడ నీరు నిలిచిన దాఖలా లేదు. ఈ నేలను ఎవరూ ఉపయోగించడం లేదు." సంచి కింద పెట్టి మళ్ళీ చదివాను. ఆ ఇళ్ళు లేస్తే బయల్లో నిలిచే నీళ్ళు మా ఇళ్ళలోకి వస్తాయి. నా అరగంట పోతుంది. అంతకన్నా ఆ 'ఎవరూ' అన్న మాట నాకు గుచ్చుకుంది. మరి ఇన్నేళ్ళూ అక్కడ నడిచింది ఎవరు?

అభ్యంతరం ఫారం తెచ్చుకున్నాను. తన దస్తూరీ బాగుంటుందని మా ఆయనే తీసుకుని నింపారు. వృత్తి అన్నచోట ఒక గీత గీశారు. "అక్కడ రాయడానికేముంది?" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఖాళీగా ఉంటే తిప్పి పంపుతారని. నేను అటక మీది పాత క్యాలెండర్లన్నీ దించి, దుమ్ము దులిపి, తాడుతో కట్టి ఫారంతోపాటు ఇచ్చి వచ్చాను. మెట్ల సంగతి కాక వాటిలో ఇంకేమేం రాశానో ఆ హడావుడిలో గుర్తే లేదు.

విచారణ నాడు హాలు నిండిపోయింది. మా వీధి ఆడవాళ్ళం ఒక వరుసంతా కూర్చున్నాం. "ఒక్కదాన్నీ ఇంట్లో ఏం చెయ్యను" అంటూ అత్తయ్య కూడా వచ్చారు. మా ఆయన వెనక వరుసలో.

విచారణాధికారి కళ్ళజోడు సవరించుకున్నారు. "వృత్తి దగ్గర గీత ఉంది. ఇవన్నీ ఏ హోదాలో రాశారమ్మా?"

"బట్టలుతికే హోదాలోనండి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పదకొండేళ్ళ కిందటి క్యాలెండరు తీసి, రైళ్ళ వేళలు చదివినట్టు మొదలుపెట్టారు.

"జూలై పన్నెండు. మూడో మెట్టు. దుప్పటి ఆరలేదు. జూలై పదమూడు. మూడో మెట్టు. రోజంతా ఇంట్లో ఉండి ఏం చేస్తావు అన్నారు. జూలై పద్నాలుగు. నాలుగో మెట్టు. ఏం చేస్తానో చెప్పడం మొదలుపెట్టేసరికి నిద్రపోయారు."

హాలు గొల్లుమంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అవి వదిలెయ్యండి సార్, మెట్లు చదివితే చాలు" అన్నాను.

"రికార్డు సగం చదవడం కుదరదమ్మా. ఆగస్టు రెండు. మూడో మెట్టు. చుట్టాలు తొమ్మిదిమంది. అందరూ తిన్నారు. ఉప్పెక్కువైందని అత్తయ్య అన్నారు. ఎవరూ బాగుందనలేదు."

ఈసారి నవ్వు రాలేదు. "అచ్చం మా ఇల్లే" అని మా వరుసలో ఎవరో గొణిగారు. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన తన చొక్కా గుండీలు లెక్కపెట్టుకుంటున్నారు.

కంపెనీ లాయరు లేచాడు. "ఇవి మొన్న కూర్చుని రాసినవి కావని ఏమిటండీ నమ్మకం? సాక్షి ఎవరు?"

నాలుగు గోడల మధ్య అన్న మాటలకు సాక్షి ఎక్కడినుంచి వస్తారు? అన్నవాళ్ళు అన్నారు, విన్నది నేనొక్కదాన్ని.

అత్తయ్య కర్ర ఆనించి లేచారు.

"బాబూ, ఆ ఉప్పు మాట అన్నది నేనే. మా ఆడపడుచు వాళ్ళు వచ్చిన రోజు. పెరట్లోకి వెళ్ళి, మెట్ల మీద నీళ్ళలో చెప్పులు పోగొట్టుకుని ఒకటే గోల." నా వైపు చూడలేదు. "వంటలో ఉప్పు సరిగ్గానే ఉంది. అందరూ మా కోడల్నే మెచ్చుకుంటారేమోనని ముందే అనేశాను."

లాయరు కూర్చున్నాడు. "ఉప్పు సంగతి కూడా రాయాలా సార్?" అని గుమాస్తా అడిగాడు.

"మొత్తం రాయండి" అన్నారు అధికారి. అప్పుడు నవ్వారు.

దారిలో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నడిచారు. వీధి మలుపులో ఎందుకో ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, ఇల్లు చేరేదాకా ఆగలేదు.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. బయలు బయలుగానే ఉంటుంది.

మర్నాడు ఉతికిన బట్టలు బకెట్లోనే వదిలేసి మెట్లు దిగాను. మొదటి మెట్టును తాకుతూ కాసిని నీళ్ళు, అవి దాటితే తడి గడ్డి. అరగంట అయింది. అరగంటే అని ఎవరు పెట్టారు? నేనే పెట్టుకున్నాను, అడిగితే ఎక్కడ కాదంటారోనని. ఇక అడగనక్కర్లేదు అనుకుని అవతలి గట్టుదాకా నడిచాను. తిరిగి వచ్చేసరికి గంటన్నర దాటింది.

పెరట్లో తీగ మీద దుప్పటి వంకరగా వేలాడుతోంది. వంటింట్లో అత్తయ్య టీ తాగుతూ గోడవైపు గడ్డం చూపించారు. "రాయాలా వద్దా అని నీ మొగుడు ఎంతసేపు నిలబడ్డాడో అమ్మాయ్, దాని ముందు."

ఆనాటి గడిలో ఆయన గుండ్రటి దస్తూరీ. "మొదటి మెట్టు. బట్టలు నేనే ఆరేశాను. ఎవరూ బాగుందనలేదు."

గడిలో ఇంకా కాస్త చోటుంది. పెన్సిలు చేతిలోకి తీసుకుని, రేపు కూడా ఆరేస్తే చూద్దాంలే అని మళ్ళీ దారానికి వదిలేశాను.