ఫిల్లింగు పక్కన నలుపు

టీ గ్లాసు అడుగున బిస్కెట్టు ముద్ద పేరుకుపోయిందని ఆ ఉదయం అత్తగారు మామగారి మీద విరుచుకుపడ్డారు.

"చిన్నపిల్లాడివా ముంచుకు తినడానికి? ఈ బురద గోకలేక నా గోళ్లు అరిగిపోతున్నాయి."

"అరిగితే నాకే మంచిది. రక్కడానికి ఏమీ మిగలవు."

"వేళాకోళాలకేం తక్కువ లేదు. నొప్పి పెట్టే పన్ను పీకించి నెల దాటింది కదా, కొరుక్కు తినడానికేం రోగం?"

మామగారు కోడలి వైపు ఒకసారి చూసి, గ్లాసు తీసుకుని తనే కడగడానికి వెళ్లారు.

ఆ చూపుతో కోడలికి విషయం అర్థమైంది. నొప్పి తగ్గలేదు. తగ్గలేదంటే కోడలి మాట తప్పవుతుందని ఇన్నాళ్లూ పైకి చెప్పకుండా ఒక దవడతోనే నెట్టుకొచ్చి, చివరికి నమలడమే మానేశారు ఆ మనిషి.

ఆమె పని స్కాన్ సెంటర్‌లో. డాక్టర్లు పంపినవాళ్లకు దవడ స్కాన్ తీశాక, ఆ బొమ్మలు చూసి ఏ పన్ను ఎక్కడ పుచ్చిందో రాసివ్వాలి. పన్ను పీకించకముందు, ఆ నొప్పికి స్కాన్ తీయించుకునే రోజు మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. బయట కూర్చున్న వాళ్లందరికీ, అడగకపోయినా, "లోపలున్నది మా కోడలే" అని చెప్పుకున్నారు. ఎడమవైపు కింది దవడలో పక్కపక్కనే రెండు పళ్లకు ఆయన వయసులో ఉన్నప్పుడు పెట్టించుకున్న వెండిరంగు ఫిల్లింగులున్నాయి. బొమ్మలో అవి కళ్లు చెదిరేంత తెల్లగా మెరిశాయి. వాటి మధ్య, రెండిట్లో ముందున్న పంటి అంచున, ఒక నల్లటి పట్టీ. పుచ్చు అనుకుంది. పరాయివాళ్లయితే కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, లైటు వేసి చూసేదే. మామగారిని నోరు తెరవమనడానికి మొహమాటపడింది. ముందు పన్ను అని రాసిచ్చేసింది.

డాక్టరు పళ్ల మీద తట్టి "నొప్పి ఇక్కడేనా?" అని అడిగితే "మా కోడలు రాసిందేనండీ" అన్నారట. ఇంటికొచ్చి ఆ ముక్క ఆయనే చెప్పారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

పనికి వెళ్లగానే ఆ స్కాన్ మళ్లీ తెరిచింది. ఈసారి దవడని అడ్డంగా కోసినట్టు చూపే పొరల్లో ఒక్కదానితో ఆగకుండా పైనుంచి కిందిదాకా అన్నీ తిప్పి చూసింది. నల్ల పట్టీ పంటితో ఆగలేదు. ఒక ఫిల్లింగు నుంచి రెండోదానికి గీత గీసినట్టు సాగి, పంటి అంచు దాటి నాలుక వైపుకి కూడా పోయింది. పుచ్చు పంటిని దాటి పోదు. అది లోహం వల్ల పడ్డ నీడ. చదువుకునే రోజుల్లో మొదట నేర్పిన సంగతుల్లో అదొకటి. మరి వెనక పన్ను? దాని ఫిల్లింగు కింద ఏముందో ఆ తెల్లటి మెరుపు కనపడనివ్వలేదు.

సాయంత్రం ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. వెనక పంటి ఫిల్లింగు ఊడదీయగానే కుళ్లు వాసన ఆమె దాకా వచ్చింది. లోపల పైపెంకు తప్ప పన్ను మిగల్లేదు.

"ఇదీ తీసేయాల్సిందే," అన్నాడు డాక్టరు ఆమె ముఖం చూడకుండా. "దీని జాగాలో పన్ను కట్టాలంటే అటొకటి, ఇటొకటి గట్టి పళ్లు ఆసరా కావాలి. వెనకొకటి ఉంది. ముందుది..." అతను పటకారు అందుకున్నాడు.

తిరిగి వస్తుంటే వీధి మలుపులో ఆమె ఆగిపోయింది.

"మామయ్యా, మొదట తీయించిన పన్ను మంచిదే. నేనే తప్పు చూశాను. ఫిల్లింగు నీడని పుచ్చనుకున్నాను."

ఆయన దూది అదిమిపట్టిన నోటితో నవ్వబోయారు. "లోహం అడ్డొచ్చిందన్నమాట. మధ్యలో నువ్వేం చేస్తావమ్మా?"

"అడ్డమున్నా చూడటమే నా పని. నోరు తెరవమని అడిగినా సరిపోయేది."

"ఊరుకో. వీధిలో కళ్లనీళ్లేంటి?"

ఒక్క మాట కోప్పడితే బాగుండునని ఇంటిదాకా ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు. అలాంటి నల్ల పట్టీలు చూసి తను ఇంకెంతమందికి రాసిచ్చిందో తెలియదు. వాళ్ల ఇళ్లలో ఎవరేం నానబెట్టుకు తింటున్నారో కూడా తెలియదు.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు భర్త కంచంలోది అడక్కుండానే మెత్తగా మెదిపి పెట్టారు. దెప్పిపొడవలేదు. కోడలికి అది మరీ భరించరానిదిగా ఉంది.

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఓ నిర్ణయానికొచ్చాను. నా నోట్లో లోహం పెట్టిన పళ్లు ఇంకా ఐదున్నాయి. అన్నీ తీయించేస్తున్నా."

కొడుకు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "బాగున్నవి కూడానా నాన్నా?"

"బాగున్నాయని ఎవరికి కనిపిస్తోంది? పొద్దున్నే వెళ్లి అడిగితే మన డాక్టరు కుదరదన్నాడు. బజారు చివర ఇంకొకాయన ఉన్నాడు. పీకుతానన్నాడు."

"వద్దు మామయ్యా," అంది ఆమె. "అవి అలాగే ఉంచి కూడా చూడొచ్చు. ఇంకో రకం ఎక్స్‌రే తీస్తారు. కావాలంటే నోట్లో నేనే చూస్తాను. మీకు దణ్ణం పెడతాను."

"చూశాక ఇంకోటి బయటపడుతుంది. మళ్లీ నీ కళ్లు ఇలాగే ఉబ్బుతాయి." ఆయన ఆమె వైపు ఆప్యాయంగా చూశారు. "ఆ లోహమే లేకపోతే ఫోటో శుభ్రంగా వస్తుంది. ఇక మా కోడలికి ఏదీ అడ్డం రాదు. బుధవారం రమ్మన్నాడు. నువ్వు సెలవు పెట్టి నా పక్కనుండాలమ్మా."