రొయ్యలు ముట్టని జసీంత

జసీంత చేతుల మీద దద్దుర్లు మొదలై రెండు వర్షాకాలాలు గడిచాయి. మోచేతుల దాకా ఎర్రగా లేచేవి, గోకితే నీరు కారేవి. పొద్దున్నే కేరళలోని పురక్కాడ్ తీరంలో చేపలు వేలంలో పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. మధ్యాహ్నం నుంచి షెడ్డులో రొయ్యల పొట్టు వలిచేది. మందుల షాపులో ఇచ్చిన మలాం రాసినన్నాళ్లూ తగ్గేది, మానగానే రెట్టింపై వచ్చేది. ఒకరోజు ఎప్పుడూ కొనే టీచరమ్మ తట్టలోకి కాకుండా ఆమె చేతులకేసి చూసి, "ఇవాళ వద్దులే జసీంతా" అంటూ తలుపు వేసుకుంది. జసీంత తట్ట ఎత్తుకుని తిన్నగా వేలాయుధన్ వైద్యర్ ఇంటికి నడిచింది.

ఆయనకు ఎనభై దాటాయి. చేతులు తిప్పి తిప్పి చూసి అడిగాడు. "పొద్దున్న ఏం తింటావమ్మా?"

"కర్రపెండలం, చేప."

"మధ్యాహ్నం?"

"అన్నం, చేప."

"రాత్రి?"

"మిగిలిన చేప, వైద్యరుగారూ!"

ఆయన నవ్వలేదు. "నలభై ఒక్క రోజులు చేపా రొయ్యా పెరుగూ నోట్లో పెట్టకూడదు. షెడ్డు ముఖం చూడకూడదు. తర్వాత ఒక్కొక్కటే తిరిగి మొదలుపెడదాం. దొంగెవరో అప్పుడు దొరుకుతాడు. మందు దొంగని పట్టదు, వాడు చేసిన గాయాన్ని మాన్పుతుందంతే. ఒకమాట గుర్తుపెట్టుకో. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా నా దగ్గరికి రాకు. పెద్దాసుపత్రికి పరుగెత్తు."

"మరి అమ్మడం?"

"అమ్ముకో. చేత్తో ముట్టకుండా చిప్పగరిటెతో తీసి వెయ్యి."

రేల చెట్టు బెరడూ వేపాకూ వేసి కాచిన నీళ్లతో స్నానం, సబ్బు బదులు పెసరపిండి, పూతకు నూరువరహాల పూలు వేసి మరిగించిన కొబ్బరినూనె, రెండు పూటలా చేదు కషాయం. ఇంట్లో ఆమెకు గంజీ పెసలూ తప్ప వేరే ముద్ద లేదు.

అత్త బ్రిజీత్త మూతి విరిచింది. "చేపలమ్మే ఇంటి కోడలు చేప తినదట! ఫాదర్లకి లేని ఉపవాసం నీకెందుకే?"

"ఉపవాసం కాదమ్మచ్చీ, దొంగని పట్టుకోవడం."

వీధిలోనూ అవే మాటలు. "నువ్వే తినని చేప మాకెందుకు?" అంది ఒకావిడ.

"నా వాటా కూడా మీకే తెచ్చాను చేచ్చీ, తీసుకోండి" అంది జసీంత గరిటె ఊపుతూ. ఆవిడ నవ్వి రెండు ఎక్కువే వేయించుకుంది.

మేనకోడలి పెళ్లిలో రొయ్యల కూర వాసన పందిరంతా కమ్మేసింది. విస్తరి ముందు కూర్చుని జసీంత అన్నంలో ఉప్పూ సాంబారూ కలుపుకుంది. ఎవరో వెనక నుంచి ఒక గరిటె కూర వేయబోతే రెండు చేతులూ విస్తరి మీద కప్పేసింది.

తగ్గుతున్నాయనుకున్న దద్దుర్లు పందొమ్మిదో రోజున ఒక్కసారిగా ఒళ్లంతా ఎర్రగా లేచాయి. రాత్రంతా నిద్రలేదు. మొగుడు సెలస్టిన్ పాత మలాం గొట్టం తెచ్చి పక్కన పెట్టాడు. "ఈ ఒక్కసారికీ రాసుకోవే, నిన్నిలా చూడలేకపోతున్నాను." ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, అతని జేబులోనే తిరిగి పెట్టేసింది. తెల్లవారగానే వైద్యర్ గుమ్మంలో ఉంది. కషాయం ఘాటెక్కువైందంటూ ఆయన అందులో నీళ్లు పెంచి, మోతాదు తగ్గించాడు. వారానికి ఎరుపు వెనక్కి తగ్గింది. నలభై ఒకటో రోజున మోచేతులు ఆమె పెళ్లినాటి మోచేతుల్లా ఉన్నాయి.

"నయమైపోయిందిగా, ఇక తిను" అంది బ్రిజీత్త.

"ఇప్పుడే అసలు పని మొదలమ్మచ్చీ."

ఐదు రోజులు కవళ్ల చేపలు తింది. ఏమీ కాలేదు. కానాగంత చేపలు, తర్వాత పెరుగు, అవీ గడిచాయి. చివరికి వైద్యర్ ఆమెను వరండాలో కూర్చోబెట్టి, తినడం కాదంటూ వలిచిన ఒక్క పచ్చి రొయ్యను మణికట్టు మీద పెట్టించాడు. పది నిమిషాలు కాకముందే దాని చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బింది. ఆయన గబగబా కడిగించాడు.

"దొరికాడు" అన్నాడు.

జసీంతకు ముందు నవ్వొచ్చింది, వెంటనే షెడ్డు గుర్తొచ్చింది. ఇంటికి సగం బువ్వ పెట్టేది ఆ షెడ్డే.

షెడ్డు మేస్త్రీ దగ్గరికి వెళ్లి చెప్పింది. "గ్లవుజులు వేసుకో, అందరూ వేసుకోవట్లా?" అన్నాడతను. వేసుకుని కూర్చుంది. రొయ్యలుడికే ఆవిరి తగలగానే దగ్గు ముంచుకొచ్చి, కళ్లు మండాయి. గ్లవుజులు ఊడదీసి బల్ల మీద పెట్టింది.

"నా లెక్క చూసెయ్యండి మేస్త్రీగారూ. రేపటి నుంచి రాను."

"మరేం చేస్తావ్?"

"నడుస్తాను. కాలవ అవతల ఇళ్లున్నాయిగా."

ఆ సాయంత్రం బ్రిజీత్త రొయ్యలకంటూ వేరే కుండా వేరే గరిటే తీసి అటక చివరన పెట్టింది. "వీటి జోలికి రాకు" అంది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం జసీంత తట్టతో వంతెన దాటి కొత్త వీధిలోకి అడుగుపెట్టి, గొంతెత్తి కేకేసింది. మొదటి ఇంట్లోంచి ఒకామె బయటికొచ్చింది.

"రొయ్యలున్నాయా?"

"రొయ్యలు నేను ముట్టను చేచ్చీ. కవళ్లున్నాయి, ఇంకా మెరుస్తున్నాయి చూడండి" అంటూ తట్ట దించింది.