ఒకే పియానో మీద నాలుగు చేతులు

వర్ష రెండు పియానోల కోసం ఒక కొత్త కృతి రాసింది. రాసింది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే కానీ, అందులో పాడుకోవడానికి వీలైన వరస ఉండదు. చిన్న చిన్న స్వరాల గుంపులు మళ్ళీ మళ్ళీ వస్తూ, ఒక పియానో నుంచి ఇంకోదానికి జారుతూ, తెలియకుండానే రూపు మారిపోతుంటాయి. "సంగీతమా, ఎక్కాలా?" అని పేరున్న వాయిద్యకారులు పక్కన పెట్టేశారు. చివరికి వాయిస్తామని ముందుకొచ్చింది ఆమె శిష్యురాళ్ళే. శృతి ఇల్లు నగరంలోని సుచిత్ర ప్రాంతంలో. సుమేరా అత్వెల్లి అనే ఊరి నుంచి బస్సులో వస్తుంది.

సాధనలో వాళ్ళు మధ్యమధ్య చోట్లు మార్చుకుని, ఒకరి భాగం ఇంకొకరు వాయించేవారు. ఎందుకని వర్ష అడిగితే సుమేరా నవ్వింది. "శృతి ఏం జేస్తాందో నా చేతికి ఎరుక లేకుంటే, నేనెట్ల కలుస్త అక్కా?"

కచేరీ శామీర్‌పేటలోని ఒక చిన్న హాల్లో, ఆదివారం ఉదయం. అద్దెకు తెచ్చిన రెండు పెద్ద పియానోలను ఎదురెదురుగా ఉంచారు. కూరగాయల వ్యాపారం చేసే సుమేరా తండ్రి ఫరీద్ మార్కెట్ నుంచి నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

కృతి సగం దాటింది. ఉన్నట్టుండి సుమేరా పియానోలోంచి టపాకాయ పేలినట్టు చప్పుడు. లావుపాటి తీగ ఒకటి తెగి మిగతా తీగల మీద పడింది. ఇక ఏ మెట్టు నొక్కినా గరగరమని మోత. సుమేరా చేతులు తీసేసింది. వెనక వరసలో ఉన్న వర్ష, కచేరీ ఇక్కడితో ఆగిపోయిందనుకుంది.

శృతి మాత్రం ఆపలేదు. వాయిస్తున్న స్వరాల గుంపునే పదే పదే తిప్పుతూ, తలెత్తి సుమేరాను చూసి, కూర్చున్న బల్ల మీద ఒక పక్కకు జరిగింది. సుమేరా లేచి, గబగబా చుట్టూ తిరిగి వచ్చి, ఆ ఖాళీలో కూర్చుని తన భాగం ఎత్తుకుంది.

రెండు పియానోల సంగీతం ఒక్కదాని మీద పట్టదు. ఇద్దరికీ ఒకే మెట్టు కావాల్సిన చోట ఒకరు వేలు ఎత్తగానే ఇంకొకరి వేలు దిగుతోంది. సుమేరా ఎడమచెయ్యి శృతి చేతుల కిందనుంచి దూరిపోతోంది. మోచేతులు తగులుతున్నాయి. ఒక చోట ఇరుక్కుని శృతికి నవ్వొచ్చింది, లయ మాత్రం తప్పలేదు. రెండు గొంతులుగా తాను ఊహించుకున్నది ఒకే ఊపిరితో వినపడుతుంటే, వర్ష భయం మరిచి లేచి నిలబడింది.

చివరి స్వరం ఆగాక హాలంతా చప్పట్లు. ఫరీద్ వేదిక దగ్గరికి వచ్చాడు, వెనకే వర్ష కూడా.

"నాకు గా పాట సమజ్ కాలె బేటా," అన్నాడు కూతురితో. "గని మీరిద్దరు ఒకరికొకరు జాగ ఇచ్చుకునుడు సమజైంది. మస్తుగుండె."

సుమేరా వర్ష వైపు భయంభయంగా చూసింది. "అక్కా, నీ కృతిని ఖరాబ్ జేసినమా?"

"నేను రాసిన దానికన్నా మంచిగ వాయించిన్రు," అంది వర్ష. "నాకే నేర్పిన్రు."

మర్నాడు వర్ష శృతి ఇంటికి వెళ్ళి, వాళ్ళిద్దరినీ పియానో ముందు కూర్చోబెట్టింది. ఏ చోట ఎవరి చెయ్యి పైనుంచి వచ్చిందో, ఎవరు ఏ స్వరం వదులుకున్నారో నిదానంగా వాయించి చూపమని అడుగుతూ, కృతిని ఒకే పియానో కోసం మళ్ళీ రాసుకుంది. దాని మీద తన పేరు పక్కనే వాళ్ళిద్దరి పేర్లూ పెట్టింది.